బయట ఉండాది

మా పెద్ద కూతురు పోయి ఇరవై రెండు రోజులయింది. గర్భసంచి మూతికి వచ్చిన క్యాన్సర్. ఈ ఒక్క మాట రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. నేను ఐదో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే మన్నించండి.

మా ఇంట్లో ఇలాంటి మాటలు పలకం. నెలసరి వస్తే "బయట ఉండాది" అంటాం. పొరుగు రాష్ట్రానికి వలసొచ్చి ఉంటున్న మడివాళలో మాది రెండు గదుల ఇల్లు, బయట అనేదే లేదు. బాత్రూం పక్కన మూలే మాకు బయట. అక్కడొక చాప, ఒక చెంబు. ఆ రోజుల్లో మా పెద్దది అక్కడే పడుకునేది.

నెల మధ్యలో కూడా అవుతోందని చెబితే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. కొత్తగా వచ్చిన తెలుగు కుర్రాయన. అది నోరు తెరవబోతే తొడ గిల్లి, నేనే చెప్పాను.

"మా పాప నెలంతా బయటే ఉండాదప్పా."

"ఎండలో అంత తిరిగితే నీరసం రాదామ్మా? నీళ్లు బాగా తాగమనండి," అని టానిక్కు రాశాడాయన.

బస్సులో ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం. మళ్లీ పోలేదు. ఏడాది గడిచిపోయింది.

జబ్బు తెలిశాక అది మారిపోయింది. తను బట్టలు కుట్టే గార్మెంట్సులో అన్నం వేళ ఆడపిల్లలను కూర్చోబెట్టుకుని ఒంటి బాధలన్నీ పేర్లు పెట్టి అడిగేది. "పేరు చెప్పకుంటే నొప్పి యాడుందని చూస్తారు మే?" అనేది. ఇద్దరు ముగ్గురిని తనే ఆసుపత్రికి తీసుకుపోయి పరీక్ష చేయించింది.

"సిగ్గు లేదా మే నీకు?" అన్నాను ఒకసారి.

"సిగ్గుపడి టానిక్కు తాగితిమి గదమ్మా, చాల్లే," అంది. కోపంగా కాదు, నవ్వుతూనే.

ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఏ పనికీ చేయి ఆడదు. గిల్లిన ఈ వేళ్లతోనే రాస్తున్నాను.

దాని కూతురికి పదమూడేళ్లు. మొన్న చుట్టాలంతా హాల్లో కూర్చుని ఉండగా బడి నుంచి వచ్చి, "అవ్వా, నాకు రక్తం వస్తాండాది. కడుపు నొప్పి," అంది. అందరూ తలలు దించుకున్నారు. "బయట" అనే మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

మూలనున్న చాప తెచ్చి హాలు మధ్యలో, ఫ్యాను కింద పరిచాను. చుట్టాలే కాళ్లు ముడుచుకుని జరిగారు. పిల్ల పడుకుని అట్లే నిద్రపోయింది. దాని చెంప కింద, చాప మీద, వాళ్లమ్మ తలనూనె మరక ఇంకా ఉంది.