ముప్పై ఒక్క మందీ ఒక్కరేనన్నారు

మా కంప్యూటర్ మేష్టారు పోయారని మంగళవారం పొద్దున్న బొర్రా నుంచి ఫోనొచ్చింది. జ్వరమన్నారు. ఏ జ్వరమో ఎవరూ తేల్చి చెప్పలేదు. ఏజెన్సీలో చావుకి కారణం అడిగితే దొరికే జవాబు ఎప్పుడూ ఇంతే.

కొండ మీద ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో ఆయన ప్రోగ్రామింగ్ నేర్పేవారు. ప్రోగ్రామర్లు ప్రశ్నలూ జవాబులూ రాసుకునే సైటు ఒకటుంది. పిల్లల సందేహాలు అందులో పెట్టించేవారు. అక్కడ మన జవాబు నచ్చి ఓటేస్తే మనకి పాయింట్లు. పాయింట్లు పోగేసినవాళ్లకి ఎదుటివాడి ప్రశ్న మూసేసే హక్కు. ముందొచ్చి పట్టా రాయించుకున్నవాడే కొండకి యజమాని అయిన చోట పెరిగినవాణ్ని; ఈ ఏర్పాటు ఎవరి కోసమో నాకొకరు చెప్పక్కర్లేదు. పిల్లల వచ్చీరాని ఇంగ్లీషు ప్రశ్నలు నిమిషాల్లో మూతపడేవి.

"తెలీదని సెప్పుకోడానిక్కూడా హోదా కావాలేటి బాబూ," అని నవ్వి, మళ్లీ రాయించేవారు.

తెలుగు ఒత్తులు విడిపోకుండా ప్రింటు చెయ్యడమెలాగని ఒక పిల్ల అడిగితే, సైటులో మేష్టారే జవాబు రాశారు. ఎవరైనా సాయం చేస్తే తరగతంతా లేచి దండం పెట్టడం ఆ బడిలో ఆనవాయితీ. అదే పద్ధతిలో ముప్పై ఒక్క మందీ ఒకరి తరవాత ఒకరు, బడికున్న ఒక్క ఇంటర్నెట్ కనెక్షన్ మీద, ఆయన జవాబుకి తలా ఒక ఓటు వేశారు. మర్నాటికి సైటువాళ్లు ఆయన ఖాతా ఆపేశారు. ఓట్లన్నీ ఒకే కనెక్షన్ నుంచి వచ్చాయి కాబట్టి, దొంగ పేర్లతో తనకి తానే వేసుకున్నాడట. జవాబూ తీసేశారు. వివరణ రాసుకుంటే, చదివేది మళ్లీ ఆ పాయింట్ల పెద్దలే.

ఆయనకి ఖాతా అక్కర్లేదు. మోసం చెయ్యలేదన్న ఒక్క ముక్క కావాలి. ఆ పెద్దల్ని తిడుతూ నేను పత్రికలో రెండు వ్యాసాలు రాశాను. రాసేముందు మాత్రం ఆయన్ని పక్కకి పిలిచి, ఓటేసినవాళ్లందరూ నిజంగా పిల్లలేనా, మధ్యలో మీరేమైనా కలిపారా అని అడిగాను. రేపు నన్నెవరైనా నిలదీస్తారేమోనని నా భయం.



"నువ్వూ ఆళ్లలాగే అడిగీసావేటి," అన్నారు. కోపం లేదు. తరవాత నాకు టీ తెప్పించారు.

వివరణకి సమాధానం రాకుండానే వెళ్లిపోయారు. మొన్న కొండవాలున ఆయన్ని పూడ్చాం. పిల్లలు వరసకట్టి, ఒక్కొక్కరే వంగి గుప్పెడు మన్ను వేసి పక్కకి జరిగారు. నా అనుమానం అక్కడా ఊరుకోలేదు, లెక్కపెట్టింది. ముప్పై మంది అయ్యారు. చివర్న ఆ ఒత్తుల ప్రశ్న అడిగిన పిల్ల, పిడికిట్లో మన్ను బిగించి, వెయ్యకుండా అలాగే నిలబడిపోయింది.