మండె కట్టిన విత్తనం

నాన్న పోయాక అమ్మ రాజోలు దగ్గర రేవుగట్టున పూటకూళ్ళ ఇల్లు నడిపింది. పడవ దిగినవాళ్ళు భోంచేసి, రాత్రి అరుగుమీద పడుకుని, పొద్దున్నే వెళ్ళిపోయేవారు. అమ్మ ప్రతి విస్తరి దగ్గరా వంగి, "ఇంకాస్త వడ్డించమంటారా అండీ?" అని అడిగేది. ఆ మాట కోసమే మా ఇంటికి వస్తామనేవారు కొందరు.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కడుతున్నారని బాటసారులు చెప్పుకునే రోజులవి. ఆ శ్రావణంలో గోదారి పొంగి మా నారుమడి కుళ్ళిపోయింది. పడవలు ఆగిపోయాయి. ఒక ముసలాయన, ఆయన కోడలు, ఆమె చంటిబిడ్డ, ఇద్దరు కొబ్బరి వర్తకులు మా అరుగుమీదే చిక్కుకుపోయారు. అతిథి దేవుడంటారు గాని, దేవుడు రెండుపూటలా అన్నం తినడు. వాళ్ళ ముఖాలు చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. గాదె ఖాళీ అయింది. మిగిలినవి మళ్ళీ నారు పోయడానికి దాచిన విత్తనాలే. అవీ పోతే ఆ ఏడు మాకు పంట లేదు.

వరద కాస్త తీయగానే అమ్మ ఆ వడ్లు నానబోసి, గంపలో పోసి, గడ్డి కప్పి మండె కట్టేసింది. మొలకెత్తిన గింజ బియ్యానికి పనికిరాదు. ఇక ఎవరి ఆకలి చూసినా తన మనసు కరగడానికి వీల్లేదని ఆమె ధైర్యం. నేనూ సంతోషించాను.

ఆ మర్నాడే వరద మళ్ళీ తన్నుకొచ్చింది. గంపలో మొలకలు పెనవేసుకుపోతున్నాయి, చల్లడానికి జానెడు నేల లేదు. అమ్మ గడ్డి ఎత్తి చూడడం, మళ్ళీ కప్పడం. కోడలికి పాలు పడక బిడ్డ ఒకటే ఏడుపు. ముసలాయన ఏమీ అడగలేదు. అడిగి ఉంటే కసురుకునైనా ఉండేవాళ్ళం.

చివరికి అమ్మ ఆ మొలకలను మంగలంలో వేయించి, నాచేత దంచించి, జావ కాచింది. పులిసిన వాసన. దొప్పల్లో అందరికీ పోసింది.

"ఇవేం గింజలమ్మా?" అన్నాడు ముసలాయన ఒక గుక్క తాగి.

"మా విత్తనాలండీ."

ఆయన చెయ్యి ఆగిపోయింది. కోడలు మాత్రం గటగటా తాగేసి, ఖాళీ దొప్ప పట్టుకుని కూర్చుంది. అమ్మ అలవాటుకొద్దీ ఆమె ముందు వంగింది, నోరు తెరిచింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, జావ కుండ అప్పటికే నేనే కడిగి బోర్లించాను మరి.