మా నాన్న మిలటరీ ఎద్దులు

మొన్న నరసరావుపేటలో జరుగుతున్న బండలాగుడు పోటీలను మనవరాలు ఫోనులో పెట్టి చూపించింది. ఒంగోలు గిత్తలు దుమ్ము రేపుకుంటూ బండను ఈడ్చుకొచ్చి, బరి చివర వెనక్కి తిరగాల్సిన చోట కాస్త తడబడ్డాయో లేదో, నేను మంచం మీంచి లేచి నిలబడి "పీఛే ముడ్!" అని ఇల్లదిరేలా అరిచాను. కోడలు వంటింట్లోంచి గరిటతో సహా పరిగెత్తుకొచ్చింది. ఏం చెయ్యను చెప్పండి, కొన్ని సంబరాలకు మోకాళ్ళ నొప్పులు అడ్డం రావు!

మా నాన్న బంగ్లాదేశ్ యుద్ధంలో మోకాలికి తూటా దెబ్బ తగిలి, పటాలం వదిలి, రెంటచింతల పక్కనున్న మా ఊరికి తిరిగొచ్చేనాటికి నాది మూడో తరగతి. అంతవరకూ ఆయన నాకు సెలవుల్లో వచ్చిపోయే చుట్టమే. అలాంటి మనిషి ఇక ఇంట్లోనే ఉంటాడనేసరికి నా కాలు నేలమీద నిలిచిందా! అమ్మకు బావిలో నీళ్ళు తోడిచ్చేవాడు, నాకు జడలు వేసేవాడు, మిలటరీ మనిషి ఆడపిల్లకు జడలేస్తున్నాడని వీధిలో వాళ్ళు నవ్వితే ఇంకాస్త బిగించి మరీ వేసేవాడు.

తాతకు మాత్రం ఆ కుంటినడక చూస్తే దిగులు. ఈ కాలితో అరక దున్నడం కుదరదని తేల్చేసి, పొలం కౌలుకిచ్చి, నాన్నను హైదరాబాదులో ఒక బ్యాంకుకు కాపలా ఉద్యోగానికి పంపడానికి నిశ్చయించాడు. మళ్ళీ నాన్న లేని ఇల్లు! నేను అన్నం మానేశాను, అమ్మ నోరెత్తకుండా గిన్నెలు మాత్రం ఊరంతా వినపడేలా తోమేది. నాన్న ఒక్కటే అడిగాడు, తను సాకుతున్న గిత్తల జతను మాచర్ల దగ్గర తిరునాళ్ళ పోటీలో దించుతానని, అవి బండను బాగా లాగితే ఊళ్ళోనే సేద్యం చేసుకుంటానని. తాత సరేనన్నాడు గానీ, నాన్న బండ వెంట పరిగెత్తలేడు గనుక పగ్గాలు బాబాయికి ఇప్పించాడు.

అంతా బాగానే ఉంది. పోటీ రోజున బాబాయి హేయ్ హేయ్ అని ఎంత అదిలించినా ఎద్దులు కదల్లేదు. చెర్నాకోల ఝళిపిస్తే చెవులాడించాయి. జనం ఈలలు, కేకలు. "ఏందిరా, కొండపల్లి బొమ్మలు తోలుకొచ్చారా?" అని ఎవరో అరిస్తే నా ప్రాణం పోయినంత పనైంది, ఆ బండ కదలకపోతే మా నాన్న హైదరాబాదు బస్సెక్కుతాడు మరి.

అప్పుడు వెలిగింది నాన్నకు. రోజూ పొద్దున్నే వాగు ఇసుకలో ఆయనొక్కడే వాటికి తర్ఫీదిచ్చాడు, అలవాటు కొద్దీ నేర్పినవన్నీ పటాలం మాటలే! పాపం, ఎద్దులకు తెలుగెక్కడిది? నాన్న కుంటుకుంటూ వెళ్ళి బరి పక్కన నిలబడి పెరేడు గొంతుతో "తేజ్ చల్!" అన్నాడు. కదిలాయండీ! దుమ్ములేపుకుంటూ కదిలాయి, బాబాయే వాటి వెనకాల పరిగెత్తలేక పోయాడు. చివరకంటా పోయాక "పీఛే ముడ్!" అనగానే రెండూ ఒక్క ఊపున తిరిగాయి. తోలేవాడు కాక ఇంకొకడు అరవచ్చో లేదో తెలియక పోటీ పెద్దలు తలలు గోక్కుంటున్నారు, ఈలోపు తిరునాళ్ళకు వచ్చిన జనమంతా నాన్నతో గొంతు కలిపి "పీఛే ముడ్!" అని కేకలు. నేను ఎగిరిన ఎగురుడుకి ఆయన బిగించి వేసిన జడలు కూడా ఊడిపోయాయి.

మొదట్లో పోయిన సమయం పోయింది గనుక బహుమతి రాలేదు. తాత వచ్చి ఎద్దుల మూపులు నిమిరి, నాన్న వంక చూడకుండానే అన్నాడు, "ఒరేయ్, గొడ్లకి హిందీ నేర్పినోడివి, నీకు యవసాయం రావటం ఎంతసేపురా! ఆ బ్యాంకోళ్ళకి రానని చెప్పు." తూటాకు కూడా ఏడవని మా నాన్న అక్కడ ఏడ్చాడు.

ఇంటికి రాగానే, నాన్న ప్రయాణానికి సర్దుకున్న ఇనప్పెట్టెను అమ్మ తెరిచి, బట్టలన్నీ దండెం మీద పడేసి, ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు అందులో కూరేసింది. ఆ ఘాటుకు ఇక ఎవరూ ఆ పెట్టె పట్టుకుని ఏ ఊరూ పోలేరు.

ఇప్పుడు మా కొట్టంలో ట్రాక్టరుంది, ఇంట్లో పెట్టెలన్నిటికీ చక్రాలొచ్చాయి. పిల్లలు ఉద్యోగాలకని బయల్దేరినప్పుడల్లా అవి గడగడమంటూ గడప దాటుతుంటే చూస్తూ నిలబడతాను. మిరపకాయలు ఇంట్లో బస్తాల కొద్దీ ఉన్నాయి గానీ, మా అమ్మకున్న ధైర్యం నాకు లేకపోయింది.