దర్శి బదులు మార్టూరు

నాకు అక్షరాలు నేర్పింది మా కోడలు. అప్పటికి నాకు యాభై దాటాయి. మిరపకాయల తొడిమలు తీసొచ్చి చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసి, వేళ్ళు పట్టుకుని దిద్దించేది. ఒకటే షరతు పెట్టింది. "తప్పు రాస్తే చెరపొద్దత్తయ్యా. కొట్టేసి కింద మళ్ళీ రాయండి. ఎక్కడ తప్పారో మీకే తెలుస్తుంది." ఆ మాట నా ఒక్కదాని కోసమే పుట్టిందనుకున్నాను.

తను మంగళగిరిలో బ్లాక్‌చెయిన్ పాఠాలు చెబుతుంది, అంటే కంప్యూటర్లలో అందరి దగ్గరా ఒకేలా ఉండే చిట్టా గురించి. ఈ సంవత్సరం నుంచి ఆదివారాలు మా వసారాలో కూడా మొదలుపెట్టింది. ఇంజినీరింగ్ పిల్లలు ఆరుగురు, బ్యాంకులో పనిచేసే ఆయన ఒకరు. అంతకుముందు ఆదివారం నాది. ఇప్పుడు నా పుస్తకం బీరువా మీద, నేను టీ గిన్నె దగ్గర.

ఒకరోజు తన గొంతు వంటింట్లోకి వినిపించింది. "బ్లాక్‌చెయిన్‌లో చెరపడం ఉండదు. తప్పయితే కింద మళ్ళీ రాయాలి."

నా మాట వాళ్ళకి పంచిపెడుతోంది! టీలు ఇచ్చి అక్కడే కూర్చున్నాను.

"నాకూ ఒక కాయితం ఇవ్వమ్మాయ్."

"మీకెందుకండీ ఈ తలనొప్పి?" అన్నాడు బ్యాంకాయన.

"మీకెందుకో నాకూ అందుకే."

పిల్లలు పకపకా నవ్వారు.

ఆ రోజు పాఠం ఒక ఆట. మిరపకాయలు చేలోంచి కోల్డ్ స్టోరేజీ దాకా వెళ్ళిన దారిని ఒక్కొక్కరూ ఒక్కో వాక్యంలో చెప్పాలి. ఆ వాక్యాలన్నీ అందరూ తమ తమ కాయితాల మీద రాసుకోవాలి. పై వాక్యం చివరి మాటతోనే కింది వాక్యం మొదలవ్వాలి. "కాయ కోసిన ఊరు దర్శి." "దర్శి కాయ ఎండింది కల్లంలో." అలా సాగింది.

తను వాళ్ళ భుజాల మీదుగా చూస్తూ బాగుంది, బాగుంది అంటోంది. నా వైపు రాలేదు. నేను మొదటి వాక్యంలో కావాలనే దర్శి బదులు మార్టూరు అని రాశాను. ఆట చెడితేనన్నా నా దగ్గరికి వస్తుందని.

చివర్లో కాయితాలన్నీ పక్కపక్కన పరిచింది. ఏడు ఒక్కలాగే ఉన్నాయి. నాది మార్టూరు కింద దర్శి వచ్చి, రెండో వాక్యం దగ్గరే తెగిపోయింది.

"చూశారా, ఒకరు మార్చినా మిగతా అందరి దగ్గరా నిజం ఉంటుంది" అంది తను.

"పోన్లెండి మేడమ్, పెద్దావిడ. అక్షరాలు కొత్త కదా" అన్నాడు బ్యాంకాయన జాలిగా.

"మా అత్తయ్య దర్శి తప్పు రాయరండి. ఆవిడ పుట్టినూరు అది."

వచ్చి నా పక్కన కూర్చుంది. "ఎందుకలా చేశారు?" అంది మెల్లిగా. మార్టూరు అన్న మాట మీద వేలు పెట్టింది. "చెరపొద్దు. కొట్టేసి కింద రాయండి."

అందరూ కలాలు ఆపి చూస్తున్నారు. సిగ్గుతో తలెత్తలేకపోయాను. అయినా తను పక్కనే ఉంది కదా, ఎంత నెమ్మదిగా రాయొచ్చో అంత నెమ్మదిగా రాశాను.