అత్త కట్టిన వేపమండలు

మా మేనత్త పోయింది. కోటబొమ్మాళి నుంచి పొద్దున్నే ఫోనొచ్చింది. మాట్లాడింది అత్త ఎదురింటి దాలమ్మ. ఆవిడకు ఫోను చేయడం రాదు, ఎవరిచేతనో నంబరు నొక్కించుకుని ఉంటుంది. "మీ అత్త ఎల్లిపోనాదమ్మీ. లెగిసి టీ తాగింది. గోడకి జారబడి కూకుంది. అంతే," అని ఆగిపోయింది. ఫోను పెట్టేయడం కూడా తెలియలేదు కాబోలు, అటువైపు వీధి చప్పుళ్ళు చాలాసేపు వినబడుతూనే ఉన్నాయి. నేనూ పెట్టేయలేదు.

అత్త మా నాన్నకు చెల్లెలు. పిల్లలు లేరు. మావయ్య తొందరగానే పోయాడు. రెండు గేదెలు, ఆ పాలు పోయించుకునే వీధి, అదీ ఆవిడ లోకం. రాయడానికి పెద్ద సంగతులేవీ లేవు. కష్టాలకు ఎదురొడ్డి నిలిచిందనో, పదిమందికి ఆదర్శమనో రాస్తే ఆవిడే పక్కున నవ్వుతుంది. తెల్లారకముందే లేచేది. పేడ తీసేది, పాలు పితికేది, ఇంటింటికీ పోసి వచ్చేది, ఆ తర్వాత పడుకునేదాకా ఏదో ఒకటి కడుగుతూనే ఉండేది. ఎప్పుడైనా అలసట రాదా అని అడిగితే, "నాను అలిసిపోతే పని అలిసిపోద్దేటి?" అనేది. అందులో గొప్పేమీ లేదు, ఫిర్యాదూ లేదు. నిజంగానే అడిగినట్టుండేది.

రాద్దామని కూర్చుంటే జ్ఞాపకాలన్నీ స్వైన్ ఫ్లూ ఏడాది దగ్గరకే వెళ్ళి ఆగుతున్నాయి. ఆ జ్వరం మాట ఇప్పుడు పెద్దగా ఎవరూ ఎత్తరు. అప్పుడు మాత్రం విజయనగరంలో నేను పాఠం చెప్పే కాలేజీలో పిల్లలు జేబురుమాలులో కర్పూరం, యాలకులు మూటకట్టుకుని వాసన చూస్తూ కూర్చునేవారు. స్టాఫ్ రూములో ఒకరు దగ్గితే మిగిలినవాళ్ళు కుర్చీలు జరుపుకునేవారు. సబ్బుతో కడిగి కడిగి వేళ్ళు బిరుసెక్కాయి. భయం రోజువారీ పనుల్లో ఒకటైపోయాక ఇక మిగిలేది విసుగే. ఆ విసుగులో ఉండగానే నాకు జ్వరం తగిలింది. గొంతులోంచి తడి తీసి పరీక్షకు పంపారు. ఫలితం ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. నేను అద్దెకుండే ఇంటావిడ గుమ్మానికి అవతల నిలబడి, మీవాళ్ళెవరైనా ఉంటే అక్కడికి వెళ్ళే సంగతి ఆలోచించమని ఎంతో మర్యాదగా చెప్పింది.

అప్పటికి అమ్మా నాన్నా లేరు. అత్తకే ఫోను చేశాను. మర్నాడు కొబ్బరికాయల లోడుతో విజయనగరం వచ్చే వ్యానులో వచ్చి దిగింది. కాయలు దింపేశాక ఖాళీ వ్యాను వెనకభాగంలో గోనెపట్టాలు పరిచి నన్ను పడుకోబెట్టి, తను నా కాళ్ళ దగ్గర కూర్చుంది. దూరంగా కూర్చో, నీకూ అంటుకుంటుంది అంటే, "భయం ఒక్కపూట సాలు. రోజూ దాన్ని ఎవులు మేపుతారు?" అంది. అంటూనే కొంగు ముక్కుకు బిగించి కట్టుకుంది. ఆవిడ ధైర్యం ఎప్పుడూ అలాగే, జాగ్రత్తతో కలిసే ఉండేది.

నాకు వెనక గది ఇచ్చింది. తెల్లారి లేచి చూస్తే వీధి గుమ్మానికి వేపమండలు వేలాడుతున్నాయి.

మా వైపు గుమ్మానికి వేపమండలు కట్టారంటే ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. ఇరుగుపొరుగు లోపలికి రారు. ఆ ఇంటి పాలు గాని, నిప్పు గాని బయటికి పోవు. ఇంట్లో పోపు పెట్టరు, తలకు నూనె రాయరు. ఎందుకని ఎవరూ ఆరా తీయరు. నా ఒంటి మీద ఒక్క పొక్కు కూడా లేదు. అదే అడిగాను.

"పంది జొరమంటే ఈదంతా మనల్ని పందిని సూసినట్టే సూస్తాది. రేపు నా పాలు ఎవులు పోయించుకుంటారు? తల్లి పేరు సెప్తే దూరంగానే ఉంటారు, దండమెట్టి మరీ ఉంటారు," అంది అత్త.

అది తప్పని నాకు అనిపించలేదు. ఒప్పని కూడా అనిపించలేదు. మామూలప్పుడే ఏదీ తేల్చుకోలేని దాన్ని, ఒళ్ళు కాలిపోతుంటే ఏం తేలుస్తాను?

ఆ రోజులన్నీ ఒకేలా ఉండేవి. పోపు లేని చారు, చప్పటి పప్పుకట్టు గడప దగ్గర పెట్టి అత్త వెనక్కి జరిగేది. నేను తిన్నాక కంచం విడిగా బూడిదతో తోమి ఎండలో బోర్లించేది. నా దుప్పటి ఉడకబెట్టేది. తను స్నానం చేసేది. మళ్ళీ గేదెల శాలలోకి వెళ్ళేది. అమ్ముకునే దారి లేకపోయినా పితకక తప్పదు కదా. కొంత తోడు పెట్టేది, కొంత దూడలకు వదిలేసేది. "ఈళ్ళకి మాత్తరం పండగే," అనేది వాటి వీపు నిమిరి. ఆ మాటలో నవ్వు ఎంత ఉందో, అలసట ఎంత ఉందో గోడ ఇవతల నుంచి నాకు తెలిసేది కాదు. వీధిలో వాళ్ళు లేత కొబ్బరిబొండాలు, మజ్జిగ అరుగు మీద పెట్టి చెంపలు వేసుకుని వెళ్ళేవారు. తల్లికని పెట్టిన ఆ నీళ్ళు నేను తాగేదాన్ని.

అత్త ఒక్కటి మర్చిపోయింది. అమ్మవారు ఒకసారి పోసినవాళ్ళకు మళ్ళీ పోయదని మావాళ్ళ నమ్మకం. అందుకని అలాంటి ఇంటికి సేవ చేయడానికి వాళ్ళే ముందుకొస్తారు. దాలమ్మ ముఖం నిండా చిన్నప్పటి మశూచి మచ్చలే. ఒకరోజు పొద్దున్న ఆవిడ చేతినిండా లేత వేపాకు పట్టుకుని సరాసరి మెట్లెక్కేసింది. వెనక గది తలుపు సందులోంచి నాకు వాళ్ళిద్దరూ కనబడుతున్నారు. అత్త ద్వారబంధానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు వదినా, నానొక్కర్తినీ సాలు."

"ఏటి సాలు? నీ కళ్ళు సూసుకున్నావా, గుంటలడిపోనాయి. జరుగు. కాసేపు ఆ గుంట పిల్ల దగ్గర నాను కూకుంటాను, నువ్వు నడుం వాల్చు. ఆ తల్లి నన్ను సిన్నప్పుడే సూసీసింది. మళ్ళీ ఏటి సూస్తాది?"

దాలమ్మ కూతురు అప్పుడు పురుటికి వచ్చి ఉంది. పుట్టిన పసిపాప ఎదురింట్లో ఏడిస్తే నా గదిలోకి వినబడేది. అత్త జరిగితే సరిపోయేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు, పాల వాడుకలు పోయేవి కావు. ఆ చెయ్యి అలాగే ఉంది.

"ఇది తల్లి కాదు వదినా," అంది అత్త. "పంది జొరమని అనుమానం. నీ ఇంట్లో పసిగుడ్డున్నాది. ఎల్లిపో."

దాలమ్మ ఒక్కో మెట్టూ దిగి, వీధిలో నిలబడి అడిగింది. "మరి తల్లి పేరెందుకెత్తావు? నా తమ్ముణ్ణి తీసుకుపోయిన తల్లి అది. ఆ పేరు నాను ఉత్తినే ఎత్తను."

ఆ మధ్యాహ్నం వేపమండలు అత్తే విప్పేసింది.

దాలమ్మ దాచలేదు. పిల్లలున్న ఇళ్ళు, చెప్పకపోతే పాపమని వీధంతా చెప్పేసింది. ఆవిడదీ తప్పని నేను అనలేను. బొండాలు ఆగిపోయాయి. మా వైపు కిటికీలు మూసుకున్నాయి. నాకు తగ్గి, నేను తిరిగి కాలేజీలో చేరిన తర్వాత కూడా అత్త పాలచెంబుతో వెళ్ళి నిండు చెంబుతోనే వెనక్కి వచ్చేదట. నా పరీక్ష ఫలితం మాత్రం ఎప్పటికీ రాలేదు. అది స్వైన్ ఫ్లూనో, వానాకాలపు మామూలు జ్వరమో ఈ రోజుకీ తెలియదు. ఉత్తపుణ్యానికి ఇంత జరిగిందేమోనని చాలాసార్లు అనుకున్నాను. ఒకసారి అత్తతో అన్నాను కూడా, చెప్పకుండా ఉండాల్సిందేమో అని. "నాను పాలు పోయించుకునేవోళ్ళకి సెప్పలేదే. ఆ పసిగుడ్డుకి సెప్పాను," అంది.

మళ్ళీ మొదట గిన్నె పట్టుకొచ్చింది దాలమ్మేనట. పలకరించలేదు. అరుగు మీద పెట్టి ముఖం అటు తిప్పుకుని నిలబడింది. అత్త పోసింది. అలా కొన్నాళ్ళు నడిచింది. తర్వాత ఒకనాడు దాలమ్మ, తల్లికి పెరుగన్నం పెట్టి తప్పు చెప్పుకుని రమ్మని పురమాయించి, తనూ వెంట బయల్దేరింది. నువ్వెందుకంటే, "నువ్వొక్కర్తివీ సెప్తే తల్లి నమ్మదు," అందట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా అత్త కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేది. వీధిలో చాలామంది మెల్లగా తిరిగొచ్చారు. కొందరు రానేలేదు. ఆవిడ వాళ్ళ గుమ్మం దాటేటప్పుడు కూడా బాగున్నారా అని అడిగే వెళ్ళేది.

నేను వెళ్ళేసరికి అత్తను అరుగు మీద పడుకోబెట్టి ఉంచారు. దాలమ్మ పక్కన కూర్చుని ఈగలు తోలుతోంది. జరగవలసినవన్నీ జరిగాయి. మగవాళ్ళు శ్మశానం నుంచి వచ్చి, స్నానాలు చేసి, తలో మూలా కూలబడ్డారు. అప్పుడు గుర్తొచ్చింది అందరికీ, పొద్దుట్నుంచి గేదెకు పాలు తియ్యలేదని. ఆఖర్లో అత్త దగ్గర ఒక్కటే ఉండేది. అది ఆవిడ చెయ్యి తప్ప ఎరగదు. పక్కవీధి నుంచి పిలిపించిన మనిషిని రెండుసార్లు తన్నింది.

దాలమ్మ లేచింది. అత్త నిన్న విడిచి దండెం మీద వేసిన నేతచీర తీసి తన చీర మీదే చుట్టుకుంది. అత్త వేసుకున్నట్టే కొంగు తల మీదుగా లాక్కుంది. నేను చూస్తున్నానని గమనించి ఆగింది.

"అబద్దమేనమ్మీ. నాకు తెల్దేటి," అంది. "పొదుగు రాయైపోనాది. ఏటి సేస్తాను మరి?"

వెళ్ళి గేదె పక్కన గొంతుక్కూర్చుంది. గేదె మెడ తిప్పి ఆ కొంగును చాలాసేపు వాసన చూసింది. కాలు ఒకసారి ఎత్తి, మళ్ళీ దించింది. చెంబు అడుగున మొదటి ధార చప్పుడైంది. దాలమ్మ నోరు తెరవలేదు, గొంతు వింటే అది గుర్తుపట్టేస్తుందని. బుగ్గల మీద మచ్చల్లోంచి నీళ్ళు జారుతుంటే తుడుచుకోవడానికైనా చెయ్యి తియ్యకుండా అలాగే పితుకుతూ కూర్చుంది.