చెవులున్నోళ్ళ మాట

చెవిటివాడితో మాట్లాడేటప్పుడు మనుషులకు గొంతు ఎంత పెరుగుతుందో మర్యాద అంత తగ్గుతుంది. నమ్మకం లేకపోతే సిరిసిల్ల బైపాసు పక్క షెడ్డులో కార్ల కింద పడుకొని పనిచేసే దేవేందర్‌ను అడగండి. గట్టిగా అడగనక్కర్లేదు. ఎదురుగా నిలబడి పెదవులు కదిపితే చాలు, అంతా తెలుసుకుంటాడు. అయినా జనం అరుస్తారు. అరిచి, చేతులు ఊపి, చివరికి చెప్పాల్సింది పక్కవాడికి చెప్పి పోతారు. అరిచినవాళ్ళ కారు దేవేందర్ అన్నిటికంటే చివర ముట్టుకుంటాడు.

అతనిది ముస్తాబాద్. తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. కొడుకు మాత్రం నడుముకు మోకు కట్టుకోనని మొండికేశాడు. తండ్రి తిట్టాడు, కొట్టాడు, వీడికి అన్నం పెట్టొద్దని ఇంట్లో చెప్పాడు. కొడుకు ఆ పూటే ఆటో ఎక్కి సిరిసిల్ల పోయి సాంచాల మీద పనికి కుదిరాడు. సాంచాలంటే మరమగ్గాలు. రేకుల షెడ్డులో అవన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకే అక్కడివాళ్ళు పెదవులు చూసి మాట్లాడుకుంటారు. పోగు ఎక్కడ వదులైందో కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది. దేవేందర్ ఈ రెండు విద్యలూ నేర్చుకొని, చెవులు రెండూ అక్కడే వదిలేసి వచ్చాడు. సాంచాలు మూతపడ్డ రోజు కూడా, కాళ్ళ కింద నేల వణకడం ఆగితే గాని అతనికి సంగతి తెలియలేదు.

తర్వాత ఆటోల రిపేరు, ఆ తర్వాత కార్లు. అందులోనూ పట్టుబట్టి సస్పెన్షన్ పనే నేర్చుకున్నాడు. గుంతల్లోనూ స్పీడ్ బ్రేకర్ల మీదా కారు కింద టకటకమనేదేమిటో, కిర్రుమనేదేమిటో వెతికి పట్టుకోవడమంటే అతనికి పిచ్చి. వినపడనివాడికి చప్పుళ్ళ మీద మోజేమిటని బజారంతా నవ్వింది. బీడీలు చుట్టే భార్య సత్యవ్వ ఒక్కతే నవ్వలేదు.

"నవ్వేటోళ్ళ కార్లు గూడ ఖరాబయితయి తియ్యి" అన్నది.

అన్నట్టుగానే అయ్యాయి. స్ప్రింగు మీద అరచేయి పెట్టి, కారును ఊపించి, తప్పు ఎక్కడుందో వేళ్ళతో పట్టేవాడు. అయినా కొత్తగా వచ్చినవాళ్ళు అతన్ని చూడగానే వెనక్కి తిరిగేవాళ్ళు. షెడ్డు ప్రేమ్‌కుమార్‌ది. మనిషి చెడ్డవాడు కాదు గాని, గిరాకీ పోతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. ఒకరోజు పొద్దున చెప్పేశాడు.

"దేవన్నా, సప్పుడు పనికి జగిత్యాల మెకానిక్‌తోని మాట్లాడిన. రేపు అస్తడు. నువ్వు గిన్ని రోజులు కష్టపడ్డవు, ఇగ టైర్లు, గ్రీజు సూస్కో."

"టైర్లు నువ్వే సూస్కో. నేనున్నన్ని దినాలు సప్పుడు నాదే" అన్నాడు దేవేందర్.

అనడానికి అన్నాడు గాని, లోపల భయం పట్టుకుంది. చెవులు పోయినప్పుడు కూడా అంత భయపడలేదు. ఈ పని చేతిలో ఉన్నంతకాలం తనకొక లోటుందన్న సంగతే గుర్తుండేది కాదు. ఇది పోతే ఆ రోజు నుంచి తాను నిజంగా చెవిటివాడవుతాడు.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే వచ్చింది పచ్చ రంగు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, మడిచే పైకప్పు. బర్రె ఎదురొస్తే దాని కాళ్ళ సందులోంచి దూరిపోయేంత కిందికుంది. కోరుట్లలో వరికోత మిషన్లు కిరాయికి తిప్పే జితేందర్ మోజుపడి హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండుది కొన్నాడు. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చాలు, ఎడమ పక్క టక్కుమంటుంది. కోరుట్లలో విన్నారు, జగిత్యాలలో విన్నారు. ఎడమ పక్క మార్చగలిగినవన్నీ మార్చారు. టక్కు మాత్రం మారలేదు.

జితేందర్, ప్రేమ్‌కుమార్ ఏసీ వేసుకొని కారులోనే కూర్చున్నారు. ముందు నిలబడ్డ దేవేందర్‌కు అద్దంలోంచి ఇద్దరి పెదవులూ కనిపిస్తున్నాయి.

"ఏందన్నా గిది, చెవిటోనితోని సప్పుడు దేవులాడిపిస్తవా?" అంటున్నాడు జితేందర్.

"జర ఓపిక పట్టు సేటు. రేపటి సంది వేరే మెకానిక్ అస్తుండు. గీనెకు ఉట్టిగ సూపిస్తున్న" అంటున్నాడు ప్రేమ్‌కుమార్.

దేవేందర్‌కు ఒళ్ళు మండింది. పోయి కారు తలుపు తీశాడు.

"సేటు, నాకు పోయినయి చెవులు. కండ్లు కాదు. మీరు అన్నదంతా సూసిన. గా సప్పుడు దొరికేదాంక గీ కారు ఈడికెల్లి కదలది. పోతనంటే నా మీదికెల్లి పోనియ్యి."

అలా అని జాకీ పెట్టి కారు కిందికి దూరాడు. మనిషి కింద పడుకున్నాక జితేందర్ మాత్రం ఏం చేస్తాడు, దిగి టీ తాగాడు.

ఎడమ చక్రం దగ్గర, కొత్తగా వేసిన బాల్ జాయింటే ఒకటి కొంచెం వదులుగా దొరికింది. దేవేందర్ దాన్ని బిగించి, చేతులు తుడుచుకొని, అయిపోయిందన్నాడు. జితేందర్ ఒక చుట్టు తిప్పుకొచ్చి తల అడ్డంగా ఊపాడు. ప్రేమ్‌కుమార్ పానాలు ఏరి డబ్బాలో వేయసాగాడు. అది దేవేందర్‌కు తిట్టుకంటే ఎక్కువగా తగిలింది. ఇన్నేళ్ళుగా నవ్వినవాళ్ళంతా వచ్చి షెడ్డు ముందు నిలబడినట్టనిపించింది.

స్టూలు మీద కూర్చొని ఆలోచించాడు. అసలు తాను ఎడమకు ఎందుకు పోయాడు? వేళ్ళు చెప్పాయా? లేదు, జితేందర్ చెప్పాడు. జితేందర్‌కు చెవులు చెప్పాయి. కోరుట్లకూ జగిత్యాలకూ చెవులే చెప్పాయి. అతను చటుక్కున లేచాడు. ఎదురుగా ఇంకా ఆడుతున్న సాంచాల కార్ఖానాకు పోయి ఒక నూలు కండె అడిగి తెచ్చాడు.

కారు బానెట్ ఊడదీసి పక్కన పెట్టించాడు. పైకప్పు మడిపించాడు. రెండు వైపులా షాక్ అబ్జార్బర్ల తలల మీద పోగులు కట్టి, ముందు అద్దం మీదుగా లోపలికి తెచ్చి, ఎడమది ఎడమ చూపుడు వేలికీ కుడిది కుడి చూపుడు వేలికీ బిగువుగా చుట్టుకున్నాడు.

"పతంగి ఎగిరేస్తవా దేవన్నా?" అన్నాడు ప్రేమ్‌కుమార్.

"నడుపు సేటు" అన్నాడు దేవేందర్ జితేందర్‌తో, ప్రేమ్‌కుమార్‌ను పట్టించుకోకుండా.

బైపాసు మీద మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర కళ్ళు మూసుకున్నాడు. రెండు పోగులూ మెల్లగా సాగి మెల్లగా వదిలాయి. అంతలోనే కుడి వేలిని ఏదో చిటుక్కున గుంజింది. మళ్ళీ ఎక్కించమన్నాడు. మళ్ళీ కుడి వేలే. ఇంకోసారి ఎక్కించినా అదే. ఎడమ వేలు నిద్రపోతున్నట్టే ఉంది.

షెడ్డుకు వచ్చాక ప్రేమ్‌కుమార్ కుడి షాక్ అబ్జార్బర్ తల మీది నట్టుకు పానా పెట్టి చూశాడు. "బిగుతుగనే ఉన్నది గదా."

"ఉంటది. ఇప్పు."

విప్పితే తెలిసింది. వెనకటి యజమాని కారును కిందికి దించడానికి స్ప్రింగులు మార్పించినప్పుడు, నట్టు కింద ఉండాల్సిన దళసరి వాషర్ ఎవరో వేయడం మరిచారు. నట్టు రాడ్డును పట్టుకొనే ఉంది, కింద సందు ఉండటంతో రాడ్డు ఎగిరెగిరి తగులుతోంది. ఆ చప్పుడు కారు రేకంతా పాకి ఎడమ పక్క వినపడుతోంది. దేవేందర్ వాషర్ వేసి బిగించాడు. మళ్ళీ పోగులు చుట్టుకొని బయల్దేరాడు. ఈసారి కుడి వేలు కూడా నిద్రపోయింది. జితేందర్ ఆ స్పీడ్ బ్రేకర్‌నే చిన్నపిల్లాడిలా మళ్ళీ మళ్ళీ ఎక్కించాడు.

"ఎడమ దిక్కని నేనే జెప్తి గదనే దేవన్నా" అన్నాడు చివరికి, మొహం నేరుగా అతని వైపు తిప్పి, అరవకుండా.

"చెప్తివి. చెవులున్నోళ్ళ మాట ఇన్న. గదే నా తప్పు" అన్నాడు దేవేందర్.

కారు పోయాక చూస్తే ప్రేమ్‌కుమార్ గోడ వైపు తిరిగి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. వీపు తప్ప ఏమీ కనిపించలేదు. దేవేందర్ చుట్టూ తిరిగిపోయి, గోడకూ అతనికీ మధ్య దూరి నిలబడ్డాడు.

"జగిత్యాలాయననేనా?"

ప్రేమ్‌కుమార్ ఫోన్ కిందికి దించాడు. "అవు. రావద్దని చెప్దామని చేసిన దేవన్నా."

"నాకెందుకు చెప్తవు, ఆయనకు చెప్పు. మొఖం గిటే పెట్టి చెప్పు. నేను సూస్తుంట."

ప్రేమ్‌కుమార్ ఫోన్ మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు. దేవేందర్ అక్కడే నిలబడి, ఆఖరి మాట దాకా అతని పెదవులనే చూశాడు.