శాలిబండ పొగ, సుమత్రా కొండలు

ఇది రాసిపెట్టకపోతే, సాంబ్రాణి పొగ మీద నేను రాసిన కథ నాకు శాలిబండ వీధిలోనే దొరికిందని అందరూ అనుకుంటారు. సగం దొరికింది అఫ్జల్‌గంజ్ గ్రంథాలయంలో. కాలేజీ మెట్లెక్కని నన్ను విలేకరిని చేసింది ఆ చోటే కాబట్టి, దాని వాటా దానికి దక్కాలి.

అప్పట్లో నేను ఒక పత్రికకు పాతబస్తీ నుంచి వారం వారం కథనం రాసేవాణ్ని. ఒకరోజు డెస్క్ ఇన్‌చార్జి ఫోన్ చేశారు. "ఎప్పుడూ డ్రైనేజీ, ట్రాఫిక్కేనా? ఈసారి కొత్తది రాకపోతే మీ కాలమ్ ఆపేస్తామండి."

ఆ గురువారం పొద్దున శాలిబండలో టైలర్ అన్న దుకాణంలో దిగాలుగా కూర్చున్నాను. లోబాన్ భాయ్ వచ్చాడు. బోణీకి ముందే నిప్పుల గిన్నెలో లోబాన్, అంటే సాంబ్రాణి, వేసి, దుకాణం దుకాణానికీ పొగ పట్టి, ఇచ్చింది తీసుకుపోతాడు.

"ఏంది భాయ్, పొగ గింత సన్నగున్నది? రంజాన్ రాకముందే నీ గిన్నె రోజా పట్టిందా?" అన్నాడు టైలర్ అన్న.

"నిరుడిచ్చిన నా కుర్తా కుట్టినంక మాట్లాడు అన్నా."

అందరితోపాటు నేనూ నవ్వాను.

మధ్యాహ్నం గ్రంథాలయానికి వెళ్లాను. ప్రపంచ వార్తలు చదివేటప్పుడు అట్లాస్ పక్కన పెట్టుకోవడం నా అలవాటు. ఒక పత్రికలో సుమత్రా కొండల గురించి ఉంది. అక్కడ సాంబ్రాణి చెట్లకు గాట్లు పెట్టి బంక తీసే ఇళ్లలో కుర్రవాళ్లు పట్నాలకు పోతున్నారట. చెట్లు కొట్టేసి వేరే తోటలు వేస్తున్నారట. అట్లాస్‌లో సుమత్రా మీద వేలు పెట్టగానే పొద్దుటి సన్నటి పొగ గుర్తొచ్చింది. వెంటనే బస్సెక్కాను.

మొఘల్‌పురాలో లోబాన్ భాయ్ కనిపించాడు. "మీ లోబాన్ ఏ దేశంది భాయ్?" అని అడిగాను.

ఆయన సంచి వెనక్కి దాచాడు. "ఎందుకు? జీఎస్టీ మనిషివా?"

"కాదు భాయ్, పేపర్ల రాస్త."

"పేపరోనివి పొగ కోసం ఉరికొచ్చినవా?" అని నవ్వి, సంగతి చెప్పాడు. "అసలు మాల్ దొరుకుతలేదు. కట్టెపొట్టు కలిపితే పొగ మస్తుగొస్తది, ఖుష్బూ రాదు. గందుకే చిటికెడేస్తున్న, అసలుదే ఏస్తున్న."

తను సరుకు కొనే దుకాణానికీ తీసుకెళ్లాడు. ఖాళీ బస్తా మీద ఇండోనేషియా అని అచ్చు వేసి ఉంది. ఆ చిటికెడు గురించే రాశాను.

అచ్చయిన రోజు టైలర్ అన్న దాన్ని గట్టిగా చదివి, "సుమత్రా భాయ్, ఇటు రా, చాయ్ తాగు" అని లోబాన్ భాయ్‌ని పిలిచాడు. ఆ పేరే స్థిరపడింది. ఇన్‌చార్జి ఫోన్ చేసి, "వచ్చే వారం ఏ దేశమండీ?" అన్నారు.

"నా పేరు గిట్ట రాసినవంటే జీఎస్టీ వస్తది" అని లోబాన్ భాయ్ ఒట్టు వేయించుకున్నాడు. అందుకని ఎవరి పేరూ రాయడం లేదు. ఆయనకు, టైలర్ అన్నకు, గడువిచ్చిన ఇన్‌చార్జి గారికి, నేను అడగకముందే అట్లాస్ తెచ్చి బల్ల మీద పెట్టే లైబ్రరీ మేడమ్‌కు నా కృతజ్ఞతలు. ఆ కుర్తా మాత్రం ఇంకా కుట్టలేదు.